మదీనాబీ పొద్దుటి పరీక్ష

మదీనాబీ ఎడమ చెవి తమ్మె నిలువునా చీలి ఉంటుంది. ముందు పళ్ళు రెండు లేవు, మూడోది సగం విరిగింది. కుడి చేతికి మూడు వేళ్ళు లేవు. ఇదంతా మొగుడి పని కాదని ముందే చెప్పాలి. ఆడదాని ఒంటి మీద దెబ్బ కనిపిస్తే మా వైపు జనం నేరుగా మొగుణ్ణే తిట్టడం మొదలుపెడతారు. పాపం ఆయన పెళ్ళయిన మూడో ఏడే కలరాతో పోయాడు, ఆమె మీద చెయ్యెత్తేంత తీరిక ఆయనకు దొరకలేదు. పళ్ళు, చెవి, వేళ్ళు అన్నీ తమ్ముడు ఫకృద్దీన్ పుణ్యమే. ఆ తమ్ముడి కాలికి గొలుసు పడకుండా చూడాలని ఆమె తొమ్మిదేళ్ళు పోట్లాడింది.

గుంతకల్లుకు మూడు క్రోసుల దూరంలో ఎర్రబండపల్లె. ఊళ్ళో దూదేకుల ఇల్లు అదొక్కటే. ఇంట్లో మాట తెలుగే. నమాజుకు నాలుగు ముక్కలు అరబ్బీ వచ్చు గానీ తిట్టుకోవాలంటే అచ్చ తెలుగు కావాల్సిందే. ఫకృద్దీన్ భుజాన విల్లు వేసుకుని నారి మోగిస్తూ ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. మదీనాబీ పరుపులూ దిండ్లూ కుట్టేది. ఏకిన దూదిని ఫకృద్దీన్ అరచేతితో ఒకసారి తడిమితే చాలు, పరుపు ఎక్కడా గడ్డ కట్టదని పేరుండేది.

వాళ్ళ నాయన ఖాసిం సాబ్ ఓ పత్తి మిల్లులో కూలికి పోయేవాడు. బేళ్ళు కట్టే పెట్టెలోకి దిగి, దూదిని కాళ్ళతో తొక్కడం ఆయన పని. 1944లో ఒకరోజు ఆయన పెట్టెలో ఉండగానే పైనుంచి ప్రెస్సు దిగింది. శవాన్ని గోనెసంచుల్లో చుట్టి, తాళ్ళతో బిగించి, బండి మీద ఇంటికి పంపారు. పన్నెండేళ్ళ ఫకృద్దీన్ మూట విప్పి చూపించమని నేల మీద పడి దొర్లాడు. పెద్దలు విప్పనివ్వలేదు, అట్లాగే పూడ్చారు. పిల్లవాడి మంచికే చేశామనుకున్నారు. వాడు కళ్ళతో చూసి ఉంటే ఒకసారి చూసేవాడు. చూడనివ్వలేదు కాబట్టి పదమూడేళ్ళ పాటు మనసులో చూస్తూనే ఉన్నాడు.

అది 1957 ఎండాకాలంలో బయటపడింది. ఊరి రైతు చెన్నప్పకు కొత్త పరుపు కుట్టి ఇద్దరూ మోసుకెళ్ళారు. వసారాలో మంచం మీద పరిచారు. చెన్నప్ప దాని మీద కూర్చుని, మెత్తగా ఉందని మెచ్చుకుని, వెనక్కి వాలాడు. అంతే, ఫకృద్దీన్ కెవ్వుమన్నాడు.

"లెయ్యప్పా! లేయ్! నాయన మీద పండుకుంటావా?"

చెన్నప్ప నవ్వాడు. ఫకృద్దీన్ నడుములోని కత్తి తీసి పరుపును ఈ చివరినుంచి ఆ చివరికి చీరేశాడు. అడ్డం వచ్చిన చెన్నప్ప మోచేయి ఎముక కనపడేంతగా తెగింది. వాడికి అదేమీ పట్టలేదు. రెండు చేతులతో దూది పెరికి విసురుతూ, "ఊపిరాడతాండ్లేదు నాయనకు, పట్టండప్పా, లాగండి!" అని ఏడుస్తున్నాడు.

ఊళ్ళోవాళ్ళు వచ్చి పట్టారు, ఖాసిం సాబును కాదు, వాణ్ణి. తిప్పన్న అనే గొర్రెలకాపరి ముందు దుడ్డుకర్రతో మొదలుపెట్టాడు. తర్వాత ఎవరి చేతిలో ఏముంటే అది. ఎర్రగా తడిసిన దూది మొహానికి అంటుకుని వాడు మనిషిలాగే లేడు. మదీనాబీ వాడి మీద అడ్డంగా పడుకుంది. ముందు పళ్ళు రెండు ఆమెకు అప్పుడే పోయాయి. తమ్ముడు కొట్టకపోయినా అవి కూడా వాడి ఖాతాలోనే వేసుకుంది.

సాయంత్రానికి ఊరు ఒక మాట అనుకుంది. కొండ మీది దర్గాలో పిచ్చివాళ్ళను రాతి స్తంభాలకు గొలుసులతో కట్టేస్తారు, అక్కడ వదిలిపెట్టి రావాలి, లేదా ఊరు విడవాలి. మదీనాబీ నోట్లో నెత్తురు ఉమ్మేసి లేచింది.

"నలభై దినాలు గడువీండి చెన్నప్పన్నా. అప్పటికీ బాగుకాకుంటే నా చేత్తోనే ఏస్తా గొలుసు."

చెన్నప్ప చెడ్డవాడు కాడు. చేతికి కట్టిన గుడ్డ వైపు చూసుకుని, సరేనన్నాడు.

గుంతకల్లులో దివాకర్ అని ఒక ముసలి డాక్టరు ఉండేవాడు. ఏదో పట్నంలో పిచ్చాసుపత్రిలో ఇరవై ఏళ్ళు చేసి, ఇంటి దగ్గర కూర్చున్న మనిషి. చేతులు కట్టేసిన ఫకృద్దీన్‌ను బండిలో వేసుకుని మదీనాబీ ఆయన వాకిట్లో దింపింది. డాక్టరు నాడి చూడలేదు, నాలుక చూడలేదు. ఎదురుగా స్టూలు వేసుకుని పిల్లలతో ఆడుకున్నట్టు అడగడం మొదలుపెట్టాడు.

"కళ్ళు మూసుకో ఫకృద్దీన్. ఒక ఏనుగును అనుకో. కనపడుతోందా?"

"ఆ. కనపడతాండాది."

"దాన్ని కూర్చోబెట్టు."

"కుచ్చుండాది."

"ఇప్పుడు దానికి ఆకుపచ్చ రంగు వెయ్యి."

ఫకృద్దీన్ మొహమంతా చెమట పట్టింది. "నా చేత కాదయ్యా. వాళ్ళు ఏయనీడం లేదు."

"ఎవరు?"

"మిల్లోళ్ళు. ఏనుగును తెచ్చింది వాళ్ళే. నాకు సూపిస్తాండారు. దాని కడుపులో మా నాయనను పెట్టినారు," అని కట్లు తెంచుకుని తలతో డాక్టరు గడ్డం కింద కుమ్మాడు. డాక్టరు నాలుక కరుచుకున్నాడు. మదీనాబీ తమ్ముడి జుట్టు పట్టి గోడకు అదిమి, అట్లాగే నిలబడి డాక్టరు చెప్పేది వింది.

"చూడమ్మా," అన్నాడాయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. "లేనిదాన్ని మనసులో చూడడం జబ్బు కాదు. నువ్వూ చూస్తావు, నేనూ చూస్తాను. మనం అనుకుంటే వస్తుంది, మార్చమంటే మారుతుంది, పొమ్మంటే పోతుంది. తెచ్చింది మనమేనని మనకు తెలుసు. వీడి ఊహ వీడి చేతిలో లేదు. అది వీడి మాట వినదు. తనే ఊహిస్తున్నానని తెలియక, ఎవరో చూపిస్తున్నారనుకుంటాడు. అక్కడి నుంచే కత్తి లేస్తుంది."

తెల్ల బిళ్ళలు ఇచ్చాడు. వాటితో పాటు మూడు ప్రశ్నలు కూడా ఇచ్చాడు. రోజూ పొద్దున, వాడి చేతికి కత్తీ విల్లూ ఇవ్వక ముందు, ఏదో ఒక వస్తువును అనుకోమని అడగాలి. కనపడిందా? మార్చగలవా? ఎవరు తెచ్చారు? మూడో దానికి "నేనే" అని వస్తే ఆ రోజుకు భయం లేదు. "వాళ్ళు" అని వస్తే ఇంట్లో ఇనుప ముక్క అన్నది లేకుండా చూసుకోవాలి.

"రెండు సంగతులు మరిచిపోవద్దు," అన్నాడు. "నిన్న అడిగింది ఇవాళ అడగొద్దు. దూది జోలికీ పరుపు జోలికీ అసలు పోవద్దు. రోజూ చేసే పని చేతులకు కంఠతా ఉంటుంది. చేతులే జవాబు చెప్పేస్తాయి, మనసు సంగతి నీకు తెలియదు."

గడువు అయ్యేలోపు ఫకృద్దీన్ మళ్ళీ విల్లు పట్టాడు. ఊరు ఆశ్చర్యపోయింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత అలవాటు పడింది. పొద్దున్నే నీళ్ళకు పోయే ఆడవాళ్ళు వాకిలి ముందు ఆగి, "ఏమ్మే మదీనా, ఈ పొద్దు పాసా ఫెయిలా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు. పాసైతే పిల్లల్ని ఆ వీధిలో ఆడుకోనిచ్చేవాళ్ళు. ఫెయిలైతే మదీనాబీ గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టేది.

ఎర్రగుడ్డ రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరిగేదో పక్కింటి మారెక్కకు బాగా తెలుసు, తిరగలి రాయికి వాణ్ణి కట్టేటప్పుడు కాళ్ళు పట్టుకునేది ఆమే. వాడు అక్క చెవిని కమ్మతో సహా నోటితో పట్టి లాగింది 1959లో. గోడకు విసిరికొడితే మూడో పన్ను విరిగింది 1962లో. తిరగలిని ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చి మారెక్క పొట్టలో తన్నింది కూడా ఆ ఏడే. మారెక్క ఆ పూట నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, మర్నాడు మళ్ళీ కాళ్ళు పట్టడానికి వచ్చింది. 

ఇక మంచి రోజులు మంచిగానే ఉండేవి. ఒకసారి మదీనాబీ లేపాక్షి బసవన్నను అనుకోమంది.

"కనపడినాడా?"

"ఎంత పెద్దోడక్కా!"

"లేపి నిలబెట్టు."

"లేచినాడు. మేతకు తలకాయ వంచినాడు. యాడుందక్కా మేత, ఈ కరువులో? మళ్ళా కుచ్చున్నాడు."

"ఎవరు తెచ్చినారు ఆయన్ను?"

"నేనే. అంత రాయిని ఇంకెవరు తెస్తారు?"

అక్కాతమ్ముళ్ళు గంజి తాగడం మరిచిపోయి నవ్వారు.

కానీ రోజుకొక కొత్త వస్తువు ఎక్కడినుంచి తెస్తుంది మదీనాబీ? ఆమె చూసిన లోకం ఎంత? రైలింజను, ఒంటె, గాలిపటం, డాక్టరు కళ్ళద్దాలు, కణేకల్ కాలువ, అన్నీ అయిపోయాయి. తిప్పన్నను అడిగి తోడేళ్ళ సంగతి తెలుసుకుంది. మారెక్కను అడిగి పుట్టింటి ఊరి వాగు అరువు తెచ్చుకుంది. పొద్దుగూకితే చాలు, రేపు ఏం అడగాలా అన్న బెంగ. తమ్ముడి ఊహను కాచీ కాచీ ఆమె ఊహ ఎండిపోయింది. వాడికి జబ్బు, ఈమెకు చాకిరీ. చాకిరీకి బిళ్ళలు ఎవరూ ఇవ్వరు.

1964లో దివాకర్ డాక్టరు పోయాడు. బిళ్ళలు దొరకడం కష్టమై, ఒకటి వెయ్యాల్సిన చోట సగం వేసేది. తర్వాత రెండేళ్ళు వాన లేదు. వేరుశనక్కాయ భూమిలోనే మాడింది. పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఎవరు? 1966 ఎండాకాలానికి ఇంట్లో పొయ్యి రోజు విడిచి రోజు వెలిగేది. అట్లాంటి ఒక పొద్దున, ఆకలికి తల తిరుగుతూ, ఏమీ తోచక, మదీనాబీ అడిగేసింది.

"పరుపును అనుకో ఫకృ."

"కనపడతాండాది."

"చారల గలేబు ఏయి దానికి."

"ఏసినా."

"లోపల ఎవరన్నా ఉండారా?"

"ఎవురూ లేరు. దూదే."

"ఎవరు తెచ్చినారు?"

"నేనే."

ఆమె గుండె ఎంత తేలికపడిందంటే, మర్నాడు కూడా అదే అడిగింది. ఆ మర్నాడూ అదే. మూడు వారాలు వాడు రోజూ పాసయ్యాడు. డాక్టరు వద్దన్న మాట ఆమెకు గుర్తులేక కాదు. తమ్ముడు పాసు కావాలని ఆమెకు ఉంది, పరీక్ష పెట్టేవాళ్ళకు ఉండకూడని కోరిక అదే.

ఆ వారం చెన్నప్ప కబురు పంపాడు. వాళ్ళమ్మ నల్లమ్మ మంచాన పడింది, ఆమె కింది పరుపు రాయిలా గట్టిపడింది, విప్పి ఏకి పెడితే రెండు శేర్ల జొన్నలు ఇస్తానన్నాడు. ఆ పొద్దున మదీనాబీ ప్రశ్న పూర్తిగా అడగనే లేదు, "పరుపు" అనగానే ఫకృద్దీన్ "కనపడతాండాది, చారలు ఏసినా, ఎవురూ లేరు, నేనే" అని గడగడా ఒప్పజెప్పేశాడు. డాక్టరు చెప్పిన కంఠతా జవాబు ఇదేనని ఆమెకు తెలిసింది. వాడి కళ్ళు తన మొహం మీద లేవని కూడా చూసింది. చూసి, జొన్నలు తలుచుకుని, కత్తి వాడి చేతిలో పెట్టింది.

వసారాలో అదే మంచం. అదే పరుపు. తొమ్మిదేళ్ళ కిందట చీరినచోట మదీనాబీ తానే వేసిన కుట్లు అడ్డంగా కనిపిస్తున్నాయి. నల్లమ్మ దాని మీద పడుకుని మూలుగుతోంది. తల్లిని ఎత్తేందుకు తోడుగా తిప్పన్నను పిలుచుకు రావడానికి చెన్నప్ప పోయాడు.

ఫకృద్దీన్ కుట్ల మీద చెయ్యి పెట్టాడు. "అక్కా, నోరు కుట్టేసినారు సూడు," అన్నాడు మెల్లగా.

"ఫకృ, కత్తి ఇట్లా ఇయ్యి. పొద్దున ఎవురూ లేరంటివి కదరా!"

"పొద్దున నువ్వు అడిగింది మనం కొత్తగా కుట్టే పరుపును. దీన్ని అడగలేదు."

కత్తి దిగింది. మొదటి వేటు దూదిలోకి పోయింది. రెండోది నల్లమ్మ తొడలోకి పోయింది. ముసలామె అరుపుకు ఇంటి కప్పు మీది కాకులు లేచాయి. మూడో వేటు పైకి లేచేసరికి మదీనాబీ కత్తిని పట్టుకుంది. పిడిని కాదు, పదునున్న అలుగును. వాడు లాగాడు. ఆమె వదల్లేదు. వాడు మళ్ళీ లాగాడు. వేళ్ళు తెగిన చప్పుడు ఆమెకే వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. నెత్తురు దూది మీద పడి, దూది తాగినంత తాగి, మిగిలింది నేల మీదికి కారింది.

తొమ్మిదేళ్ళలో ఆమె అడగనిది ఒక్కటే మిగిలి ఉంది. భయపడి ఎప్పుడూ అడగలేదు.

"ఫకృ! నాయనను అనుకో!" అని అరిచింది. "కనపడినాడా?"

వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ప్రెస్సులో ఉండాడక్కా..."

"ప్రెస్సును పైకెత్తు. ఎత్తు, నీ చేత్తోనే ఎత్తు! ఎత్తినావా?"

వాడి మెడ నరాలు ఉబ్బాయి. దవడ బిగిసింది. "ఎత్తినా," అన్నాడు.

"నాయనను లేపు."

"లేచినాడు. తలకాయకు దూది అంటుకోనుండాది. దులుపుకుంటాండాడు."

"యాడికి పోతాండాడు?"

"గేటు కాడికి... గేటు దాటినాడు. పోతాండాడు. పోయినాడక్కా."

"ఎవరు లేపినారు నాయనను?"

ఫకృద్దీన్ కళ్ళు తెరిచాడు. చీరిన పరుపును చూశాడు. కాలు కొట్టుకుంటున్న నల్లమ్మను చూశాడు. అక్క చేతిని చూశాడు. కత్తి జారి కింద పడింది.

"నేనే," అన్నాడు. "లోపల దూదే ఉండాదక్కా. అవ్వను పొడిచింది నేనే. ఎవురూ సూపించలేదు. అంతా నేనే చేసినా."

ఆ మాట వాకిట్లో నిలబడిన చెన్నప్ప విన్నాడు. వెనుక తిప్పన్న, వాడి వెనుక సగం ఊరు. చెన్నప్ప గోడకు ఆనించిన గడ్డపార అందుకున్నాడు.

"ఇన్నారా అందరూ? నేనే చేసినా అంటాండాడు. తెలివుండి కూడా మా అమ్మను పొడిచినాడు ఈ నా కొడుకు!" గడ్డపార ఎత్తాడు. ఎత్తిన చేతి మీద పాత మచ్చ తెల్లగా మెరిసింది. చెన్నప్ప అప్పుడు కూడా ఒక్క క్షణం ఆగాడు. "మదీనా, తొమ్మిదేండ్లుగా రోజూ చెప్తాండావు. నువ్వే చెప్పు. వీనికి తెలివుండాదా లేదా? పాసా ఫెయిలా?"

తొమ్మిదేళ్ళలో ఫకృద్దీన్ ఇంత బాగా ఏనాడూ జవాబు చెప్పలేదు. దివాకర్ డాక్టరు బతికుంటే వాడి వీపు తట్టేవాడు. పాసంటే మాత్రం గడ్డపార తల మీదికి దిగుతుంది.

"ఫెయిలు," అంది మదీనాబీ. "వానికేం తెలీదు. ఏం మాట్లాడతాండాడో కూడా తెలీదు. గొలుసు తెండి."

ఫకృద్దీన్ మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది. "అక్కా, సరిగ్గా చెప్పినా కదా? నేనే అంటి కదా?"

"నోర్ముయ్! ఫెయిలని చెప్పినా కదా!" అని ఆమె తెగిన చేత్తోనే వాడి చెంప మీద కొట్టింది. మొహమంతా ఆమె నెత్తురే.

చెన్నప్ప గడ్డపార దించాడు. తల మీద కాదు, మోకాలి మీద. ఎముక విరిగిన శబ్దం వీధి దాకా వినిపించింది. నల్లమ్మ చావలేదు. ఇంకా రెండేళ్ళు బతికి, ఆ రెండేళ్ళూ ఫకృద్దీన్‌ను తిడుతూ ఓపిక కూడగట్టుకుంది. వాణ్ణి మాత్రం ఆ సాయంత్రమే దర్గా కొండెక్కించారు. ఇచ్చిన మాట ప్రకారం గొలుసు మదీనాబీయే వేసింది. చెయ్యి పని చెయ్యకపోతే కొక్కెం బిగించడానికి మారెక్క సాయం పట్టింది, ఏడుస్తూ.

కొండ కింద గుడిసె వేసుకుని, ఎడమ చేత్తో కుట్టడం నేర్చుకుని, మదీనాబీ రోజూ పొద్దున నూట పది మెట్లు ఎక్కేది. రోజూ కొత్తదే అడిగేది, దూది మాట మళ్ళీ ఎత్తలేదు. మూడేళ్ళు ఫకృద్దీన్ ఆమెకు జవాబు చెప్పలేదు. 1969లో తొలకరి పడిన పొద్దున, తడిసిన రాతిస్తంభానికి వీపు ఆనించుకుని వాడే మొదలుపెట్టాడు.

"అక్కా, ఆ పొద్దు చెన్నప్పోళ్ళ ఇంట్లో నేను పాసా, ఫెయిలా?"

మదీనాబీ మెట్టు మీద కూర్చుంది. "పాసేరా," అంది. "అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు నువ్వు."

 వాడు కాలి గొలుసును పైకెత్తి, డాక్టరు అడిగినట్టే, ఏ కోపమూ లేకుండా అడిగాడు.

"కనపడతాండాదా అక్కా?"

"కనపడతాండాది."

"ఎవరు తెచ్చినారు దీన్ని?"

"నేనే," అంది మదీనాబీ.